పశువుల కొట్టం నుంచి పచ్చళ్ల యూనిట్ దాకా: గోడల్లో ఉప్పు దగ్గర్నుంచి సీసా మీద లేబుల్ వరకూ

ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు పోయాయి. పాల ప్యాకెట్లు వచ్చాక గేదెలూ తగ్గాయి. ఇంటి వెనక కొట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడందులో విరిగిన మంచం, ఖాళీ ఎరువుల సంచులు, పని చేయని స్ప్రేయర్ తప్ప ఏమీ ఉండవు. మరోపక్క ఇంట్లో పచ్చళ్లు బాగా పెట్టేవాళ్లుంటారు. హైదరాబాద్ నుంచీ, అమెరికా నుంచీ అడిగి మరీ తెప్పించుకునే చుట్టాలుంటారు. వంటింట్లో చోటు చాలదు. అప్పుడు అందరి చూపూ కొట్టం మీద పడుతుంది. గోడలున్నాయి, కప్పు ఉంది, అద్దె కట్టక్కర్లేదు కదా అని.

ఆ లెక్కలో సగమే నిజం. కొట్టం మామూలు పాత గది కాదు. ముప్పై నలభై ఏళ్లు పేడనీళ్లూ మూత్రమూ తాగిన నేల అది, ఆ నేల మీద నిలబడిన గోడలు అవి. పైన ఎంత మంచి రంగు వేసినా రెండో వానాకాలానికి లోపలి సంగతి బయటపడుతుంది. అందుకే ఇక్కడ రంగులు, బోర్డులు, ఫర్నిచర్ గురించి తక్కువగానూ నేల, గోడల గురించి ఎక్కువగానూ చెబుతున్నాను. ఉదాహరణకు పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవున్న కొట్టాన్ని తీసుకుందాం. మూడు వైపులా గోడలు, ముందు భాగం తెరిపి, పైన మంగళూరు పెంకు. కొన్ని ఊళ్లలో దీన్నే బెంగుళూరు పెంకు అంటారు. ఇందులో పచ్చళ్లు, పొడులు చేసే చిన్న యూనిట్ పెట్టాలి. మీది టైలరింగ్ షాపో, మొబైల్ రిపేరో అయితే నీళ్లు, లేబుళ్ల సంగతి వదిలేయండి. మిగతాదంతా మీకూ వర్తిస్తుంది.

ముందు కాగితాలు, తర్వాతే గడ్డపార

ఆస్తి పంపకాల్లో ఇల్లు, పొలం, బావి వాటా గురించి రాసుకుంటారు గానీ కొట్టం గురించి ఎవరూ పట్టించుకోరు. చాలా కుటుంబాల్లో అది ఇప్పటికీ ఉమ్మడి ఆస్తే. మీరు డబ్బు పోసి బాగుచేసి, వ్యాపారం నడవడం మొదలైన రోజే అన్నదమ్ములకు దాని విలువ గుర్తొస్తుంది. మంచి మాటలతో ఉన్నప్పుడే స్టాంపు పేపరు మీద సమ్మతి రాయించుకోండి. వీలైతే భాగపరిష్కార దస్తావేజు చేసుకుని రిజిస్టర్ చేయించుకోండి. అప్పు కావాలంటే బ్యాంకు కూడా స్థలం ఎవరిదనే మొదట అడుగుతుంది. గ్రామకంఠం స్థలాలకు చాలాచోట్ల రిజిస్టర్డ్ పత్రాలు ఉండవు. ఊళ్లలోని ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచే స్వామిత్వ సర్వే పూర్తయిన చోట్ల ప్రాపర్టీ కార్డు ఇస్తున్నారు, ఆ పథకం 2020లో మొదలైంది. అది లేకపోతే పంచాయతీ ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు వరసగా పెట్టుకోండి.

ఇంటి పన్ను డిమాండులో కొట్టం కూడా ఉందో లేదో పంచాయతీ కార్యదర్శిని అడగండి. మార్పులకు అనుమతి ఎలా తీసుకోవాలో, వ్యాపారానికి ట్రేడ్ లైసెన్సు ఎంతో అదే రోజు కనుక్కోండి. కొట్టం ఊళ్లో కాకుండా పొలంలో ఉంటే కథ వేరు. అది వ్యవసాయ భూమి కిందికి వస్తుంది కాబట్టి భూ వినియోగం సంగతి రెవెన్యూ ఆఫీసులో తేల్చుకోకుండా ఒక్క ఇటుక కూడా పెట్టకండి.

ఒక వానాకాలం చూడండి

తొందరపడేవాళ్లకు ఈ సలహా నచ్చదు. కానీ కొట్టం అసలు జబ్బు ఎండాకాలంలో కనిపించదు. ఆవకాయ కాయ ఏప్రిల్ చివర నుంచి మే దాకా దొరుకుతుంది. మార్చి చివరికి గది సిద్ధం కావాలి. పని సంక్రాంతి తర్వాత మొదలుపెడితే ఎండలకు గచ్చులు, పూతలు బాగా ఆరతాయి. కాబట్టి అంతకుముందు వచ్చే జూలై నుంచి సెప్టెంబర్ దాకా చూడటానికే వాడుకోండి. నెల్లూరు వైపైతే అక్టోబర్, నవంబర్ వానలే అసలు పరీక్ష. కాగితాల పని కూడా ఈ నెలల్లోనే అయిపోతుంది.

పెద్ద వాన కురుస్తున్నప్పుడు గొడుగు వేసుకుని వెళ్లి కొట్టం చుట్టూ తిరగండి. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి? గోడ మొదట్లో నిలుస్తున్నాయా? ఈ మధ్య ఊళ్లలో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసి మట్టం పెంచేశారు. చాలా కొట్టాల నేల ఇప్పుడు రోడ్డు కంటే కిందికి ఉంది. అలా ఉంటే లోపల ఎంత ఖర్చు పెట్టినా వీధి నీళ్లు మీ పచ్చడి జాడీల దగ్గరికి వస్తాయి.

వాన తగ్గిన రెండు మూడు రోజులకు గోడల మీద చెమ్మ గీత ఎంత ఎత్తుకు వచ్చిందో బొగ్గుతో గీసి పెట్టండి. తర్వాత అడుగు చదరం పాలిథిన్ షీటును గోడకు నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో అతికించండి, నేల మీద ఇంకొకటి. ఒక రోజు ఆగి చూడండి. షీటు లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి బొట్లుంటే చెమ్మ గోడలోంచే వస్తోంది. బయటి వైపు ఉంటే అది గాలిలో తేమ, కిటికీలు పెడితే సరిపోతుంది. ఈ రెంటికీ మందులు వేరు. వాటర్‌ప్రూఫ్ పెయింట్ అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు.

గోడల్లో బీటలుంటే వాటి మీద అడ్డంగా బెత్తెడు వెడల్పున సిమెంటు ముద్ద పెట్టి, దాని మీద తేదీ గీయండి. వానాకాలం గడిచాక ఆ ముద్ద పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. నల్లరేగడి నేలల్లో ఇది మామూలే. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి కుంచించుకుపోతుంది, పునాదిని పట్టుకు ఊపుతుంది. ముద్ద పగలకపోతే ఆ బీట పాతది, పూడ్చేయొచ్చు.

ఉంచాలా, కూల్చాలా

వానాకాలం అయ్యాక ఈ ప్రశ్న నిజాయితీగా వేసుకోండి. లోపలి నేల మట్టం బయటి వాకిలి కంటే కనీసం అడుగు, వీలైతే అడుగున్నర పైకి ఉండాలి. కొట్టాల్లో ముందు చూరు ఆరు, ఆరున్నర అడుగులకు మించి ఉండదు. నేల ఒక అడుగు లేపితే చూరు మీ నెత్తికి తగులుతుంది. అంటే కప్పు కూడా లేపాలి. కప్పు లేపాలంటే గోడలు రెండు మూడడుగులు పెంచాలి. ఆ పెంచిన బరువు మోయడానికి పాత గోడ సరిపోవాలి.

రాతి గోడలైతే సాధారణంగా మోస్తాయి. రాయలసీమ, పల్నాడు వైపు రెండడుగుల మందం గోడలు ఇంకో తరం నిలుస్తాయి. మట్టి గోడలై, చెదలు పట్టి, పునాది లోతు తక్కువగా ఉంటే నా మాట ఒకటే: పెంకులు, దూలాలు జాగ్రత్తగా దించుకుని గోడలు కూల్చేయండి. నేల కొత్తది, కప్పు కొత్తది వేసుకుని మట్టి గోడ ఒక్కదాన్నీ మిగుల్చుకోవడం పొదుపు కాదు. గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ నిర్ణయం ఇంకా గట్టిగా తీసుకోవాలి. ఇద్దరు మేస్త్రీలతో విడివిడిగా రెండు అంచనాలు వేయించండి. ఒకటి బాగుచేయడానికి, ఒకటి కొత్తగా కట్టడానికి. రెంటికీ మధ్య తేడా పెద్దగా లేకపోతే కొత్తదే మేలు.

ఖాళీ చేయడం

ఇది చెత్త పనే గానీ ప్రమాదం లేని పని కాదు. పేడ మట్టిలో ధనుర్వాతం తెచ్చే క్రిములుంటాయి. గడ్డపార పట్టే ప్రతి ఒక్కరికీ టీటీ ఇంజెక్షన్ వేయించండి, చేతులకు గ్లవ్స్, కాళ్లకు బూట్లు ఇవ్వండి. మీ ఇంట్లో ఎప్పుడైనా పశువు దొమ్మరోగంతో పోయిందని పెద్దలు చెబితే మట్టి తవ్వడానికి ముందు పశువైద్యుణ్ణి కలవండి. ఆంత్రాక్స్ క్రిమి బీజాలు మట్టిలో దశాబ్దాల పాటు బతికుంటాయి.

గోడల సందుల్లో గోమార్లు ఉంటాయి. పశువులు లేకపోయినా అవి నెలల తరబడి తిండి లేకుండా బతకగలవు. పాత పూత గీకేసి, సందులు పూడ్చేముందు పెస్ట్ కంట్రోల్ వాళ్లతో ఒకసారి మందు కొట్టించండి. పక్కనే గడ్డివామి ఉంటే దాన్ని తరలించాల్సిందే. ఎలుకలకు అది ఇల్లు, నిప్పుకు అది ఆహారం. కుడితి తొట్టి రాతిదైతే పారేయకండి, బయట చేతులు కడుక్కునే చోట పనికొస్తుంది. లోపలికి మాత్రం వద్దు.

కప్పు సిమెంటు రేకులదైతే ఒక జాగ్రత్త. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని పగలగొట్టడం, పొడిగా ఉన్నప్పుడు కోయడం, డ్రిల్లు వేయడం చేయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకుగానే దించండి.

నేల: మొదటి పెద్ద ఖర్చు

పాత నేలను అలాగే ఉంచి దాని మీద టైల్స్ పరిచే మేస్త్రీలున్నారు. ఒప్పుకోకండి. మూత్రం ఇంకిన మట్టిని కనీసం అడుగు లోతున తీసేయాలి. వాసన వస్తుంటే అడుగున్నర. మన పన్నెండు ఇరవై కొట్టంలో అడుగు లోతు తవ్వితే 240 ఘనపుటడుగుల మట్టి. తవ్వాక పొంగి 300 దాకా అవుతుంది, ట్రాక్టరు ట్రక్కులు మూడు. ఈ మట్టిని పారేయాల్సిన పని లేదు, మంచి పాటిమన్ను. పొలానికి తోలితే రైతు సంతోషంగా తీసుకుంటాడు. తవ్వేటప్పుడు గోడ పునాది రాళ్లు కనిపించాక ఆగండి. వాటి కిందికి వెళ్తే గోడ జారుతుంది.

చెదల మందు కొట్టించడానికి ఇదే సమయం. నేల వేశాక డ్రిల్లు పెట్టి రంధ్రాల్లో పోయడం కంటే తెరిచి ఉన్నప్పుడు చేయడం చవక, గట్టి కూడా. తినే సరుకు చేసే గది కాబట్టి లైసెన్సు ఉన్న వాళ్లతోనే చేయించండి, ఏ మందు ఎంత వాడారో రాసివ్వమనండి.

తర్వాత గ్రావెల్ పోసి, తడిపి, ఆరంగుళాలకొక వరస చొప్పున దిమ్మిస కొట్టించండి. ఒకేసారి రెండడుగులు పోసి పైపైన కొడితే ఆరు నెలల్లో నేల కుంగుతుంది. దాని మీద నాలుగంగుళాల కంకర, సన్నని ఇసుక పొర, ఆపైన 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు. షీటు అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరచాలి, అంచులు గోడ వెంట పైకి మడవాలి. కింది చెమ్మ పైకి రాకుండా ఆపేది ఈ షీటే. మొత్తం పనిలో అతి చవకైన వస్తువు కూడా ఇదే. దీన్ని మర్చిపోయే మేస్త్రీలే ఎక్కువ, దగ్గరుండి వేయించండి.

దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు, ఒకటికి రెండు, నాలుగు పాళ్లలో. మన కొలతకు 80 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. దానికి సుమారు 15 బస్తాల సిమెంటు, 35 ఘనపుటడుగుల ఇసుక, 70 ఘనపుటడుగుల 20 ఎంఎం కంకర కావాలి. లోపలి గోడ కట్టాలనుకుంటే, దాని సంగతి తర్వాతి భాగంలో ఉంది, ఆ అంచుల్లో మందం ఎనిమిదంగుళాలకు పెంచండి. కడిగే నీళ్లు పోవడానికి నూటికి ఒకటి వాలు చాలు. అంటే పన్నెండడుగుల వెడల్పుకు అంగుళంన్నర. అంతకంటే ఎక్కువ వాలు పెడితే బల్లలు, మిక్సర్లు నిలకడగా కూర్చోవు.

ఇక పైన పరచే రాయి. మన దగ్గర చవకగా, చల్లగా ఉండేవి తాండూరు బండలు, బేతంచెర్ల బండలు, కడప రాయి. ఇంటికి చాలా బాగుంటాయి. పచ్చళ్ల గదికి మాత్రం పనికిరావు. ఇవన్నీ సున్నపురాళ్లే. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ వీటి మీద పడితే రాయి పులుపుకు కరిగి తెల్లటి మచ్చలు, గుంటలు పడతాయి. ఆ గుంటల్లో నూనె, ఉప్పు, కారం చేరి ఎంత కడిగినా పోవు. చుట్టుపక్కల అందరిళ్లలో కడప బండ ప్లాట్‌ఫారమే ఉంది కదా అని మేస్త్రీ అదే వేసేస్తాడు. వద్దని ముందే చెప్పండి. పనిబల్లకు గ్రానైటు, నేలకు జారని విట్రిఫైడ్ టైల్స్, వాటి సందులకు ఎపాక్సీ గ్రౌట్ వాడండి. మామూలు తెల్ల సిమెంటు గ్రౌటును కూడా పులుపు తినేస్తుంది. స్టీలు బల్ల కొంటే 304 గ్రేడు అని బిల్లు మీద రాయించుకోండి. 202 గ్రేడు ఉప్పు తగిలితే త్వరగా తుప్పు మచ్చలు పట్టేస్తుంది.

గోడలు: ఉప్పుతో పోరు

కొట్టం గోడల మొదట్లో తెల్లగా పొడిలా తేలేది సున్నం కాదు. పశువుల మూత్రంలోని నత్రజని మట్టిలో మారి మారి నైట్రేట్ లవణాలవుతుంది. చెమ్మతో పాటు గోడలోకి ఎక్కి, నీరు ఆవిరయ్యాక ఉప్పుగా మిగిలిపోతుంది. పాత రోజుల్లో తుపాకిమందు కోసం పెట్లుప్పు తీసింది ఇలాంటి పశువుల చావిళ్ల మట్టి నుంచే. ఈ ఉప్పుకు ఇంకో గుణం ఉంది. గాలిలో తేమ పెరిగితే దాన్ని పీల్చుకుంటుంది. అందుకే ఎక్కడా లీకు లేకపోయినా, నేల చెమ్మ ఆపేసినా, ఆషాఢం, శ్రావణంలో ఈ గోడలు చెమర్చి కనిపిస్తాయి. ఎండినప్పుడల్లా ఉప్పు గట్టిపడి పూతను లోపలి నుంచి నెట్టేస్తుంది. పెచ్చులు ఊడేది అందుకే.

దీని మీద సిమెంటు పూత పూయడం చాలామంది చేసే పని. సిమెంటు గట్టిది, చెమ్మను బయటికి పోనివ్వదు. గోడలో నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. నడుము ఎత్తున ఉన్న గీత భుజం ఎత్తుకు చేరుతుంది. పాత గోడ సున్నంతోనో మట్టితోనో కట్టిందైతే దాని మీదికి సున్నపు పూతే సరైనది. అది ఊపిరి తీసుకుంటుంది, ఉప్పు పట్టినా గోడను కాపాడి తాను అరుగుతుంది. కొన్నేళ్లకొకసారి గీకి మళ్లీ పూసుకోవాలి.

పని ఇలా సాగాలి. బొగ్గుతో గీసిన చెమ్మ గీతకు ఒక అడుగు పైదాకా పాత పూత మొత్తం ఊడదీయండి. తేలిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, కింద గోనెపట్టా పరిచి ఎత్తి బయట పోయండి. నీళ్లతో కడగకండి. కడిగితే ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. రెండు మూడు వారాలు ఆరనిచ్చి, మళ్లీ తేలితే మళ్లీ దులపండి. బయటి వైపు గోడ మొదట్లో అడుగు వెడల్పున మట్టి తీసి కంకర నింపండి. చూరు నీళ్లు గోడకు దూరంగా పడేలా కాలవ తీయండి. ఈ చిన్న కాలవ చేసే మేలు ఖరీదైన రసాయనాలు కూడా చేయవు.

ఇక్కడొక చిక్కుంది. సున్నపు పూత గోడకు మంచిది, కానీ ఆహార భద్రతా నిబంధనల ప్రకారం తయారీ గది గోడలు నునుపుగా, కడగడానికి వీలుగా ఉండాలి. ఉప్పు గోడకు నేరుగా టైల్స్ అతికిస్తే రెండేళ్లలో వదులై మోగుతాయి. నా ఉద్దేశంలో దీనికి దారి లోపలొక కొత్త గోడ. పాత గోడకు రెండంగుళాల ఖాళీ వదిలి, కాంక్రీటు నేల మీద నాలుగంగుళాల ఇటుక గోడ కట్టండి. నాలుగడుగుల ఎత్తున ఒక ఆర్‌సీసీ బెల్టు, పది అడుగులకొక తొమ్మిదంగుళాల దిమ్మె ఉంటే నిలబడుతుంది. మధ్య ఖాళీకి కిందా పైనా బయటికి గాలి రంధ్రాలు వదిలి, వాటికి సన్నటి స్టీలు జాలీ బిగించండి. జాలీ లేకపోతే ఎలుకలకు రహదారి వేసినట్టే. ఈ కొత్త గోడకు ఐదడుగుల దాకా టైల్స్, పైన కడగడానికి వీలైన పెయింటు. పన్నెండడుగుల గది పదకొండడుగులకు తగ్గుతుంది నిజమే. ఆ ఒక్క అడుగు పోనివ్వండి.

అంత ఖర్చు వద్దనుకుంటే జింకు పూత ఇనుప (జీఐ) ఫ్రేము మీద సిమెంటు ఫైబర్ బోర్డు బిగించి దాని మీద టైల్స్ వేయొచ్చు. ఖాళీ, గాలి రంధ్రాలు, జాలీ అప్పుడూ ఉండాల్సిందే. పచ్చడి గదిలో ఉప్పు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి ఫ్రేము నాసిరకానిది కొనకండి.

ముందు వైపు తెరిపి మూసే గోడకు పాత గోడ పునాది లోతు దాకా పునాది వేయించండి. పైపైన కడితే కొత్త గోడ విడిగా కుంగి, రెండూ కలిసే చోట నిలువు బీట వస్తుంది.

కప్పు

పెంకు కప్పు మీద నాకు మక్కువ ఉంది. ఎండాకాలంలో రేకుల షెడ్డు కంటే ఎంతో మేలు. పెంకులన్నీ దించి, పగిలినవి పక్కన పెట్టి, వాసాలను ఒక్కొక్కటిగా స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. సులువుగా దిగితే లోపల డొల్ల. చేవ ఉన్న తాటి దూలాలు తరాలు నిలుస్తాయి గానీ గోడలో కూర్చునే చివర్లు మొదట పుచ్చిపోతాయి, అక్కడే చూడండి. ఒకే కొలత పెంకులు ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టం. పక్క ఊళ్లో ఎవరైనా పాత ఇల్లు పడగొడుతుంటే ముందే మాట్లాడి కొనిపెట్టుకోండి.

పెంకుల సందుల్లోంచి దుమ్ము, బల్లులు, ఎలుక పెంటికలు పడతాయి. కింద తెరిచిన కారం బేసిన్ ఉంటుంది. అందుకే సీలింగు తప్పనిసరి. జిప్సం చెమ్మకు ఉబ్బుతుంది, పీవీసీ ప్యానెళ్లో సిమెంటు బోర్డో వేయండి. సీలింగుకూ పెంకులకూ మధ్య గాలి ఆడేలా రెండు చివర్లా జాలీ కిటికీలు పెట్టండి. మీరు పచ్చళ్లతో పాటు జంతికలు, అరిసెలు కూడా వేయిస్తే పొయ్యిల పైన పీవీసీ వద్దు. చెక్క కప్పు కింద మరిగే నూనె పెట్టడం నిజంగా టెన్షన్ పడాల్సిన విషయం. వేపుళ్ల పొయ్యిని బయట విడిగా రేకుల పందిరి కింద పెట్టుకోవడం మంచిది.

కరెంటు, గ్యాసు

ఇంటి మీటరు నుంచి వైరు లాగి వ్యాపారం నడపడం ఊళ్లలో మామూలే. కానీ ఇంటి కనెక్షన్‌ను వ్యాపారానికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో వసూలు చేయొచ్చు. విడిగా మీటరు తీసుకోండి. మీ పని ఏ కేటగిరీ కిందికి వస్తుందో డిస్కం సెక్షన్ ఆఫీసులో అడగండి. అమ్మే కొట్టుకూ, తయారీ యూనిట్‌కూ రేట్లు వేరు. తెలంగాణలో కుటీర పరిశ్రమలకు ఎల్‌టీ-4 అని వేరే కేటగిరీ ఉంది. దరఖాస్తులో యంత్రాల హార్స్‌పవర్ మొత్తం కలిపి రాయాలి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు.

తడి చేతులు, తడి నేల, ఉప్పు నీళ్లు ఉండే గది ఇది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టకుండా స్విచ్చు వేయనివ్వకండి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఎర్తింగ్ గుంత కొత్తగా తీయించండి. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, గ్రైండర్లు, పల్వరైజర్లకు (పొడి పట్టే యంత్రాలకు) 4. ప్లగ్గులు నేల నుంచి నాలుగడుగుల ఎత్తున ఉంటే కడిగేటప్పుడు భయం ఉండదు.

గ్యాసు వాడితే 19 కిలోల కమర్షియల్ సిలిండరే, అదీ గోడ బయట. ఎల్‌పీజీ గాలి కంటే బరువు కాబట్టి లీకైతే నేల మీదే పాకుతుంది. గోడ కింది భాగంలో గాలి రంధ్రం ఉండాలి, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే చాలదు.

నీళ్లు వచ్చేది, పోయేది

గోడలో చేరిన ఆ నైట్రేటే బోరులోనూ ఉండొచ్చు. పెంట దిబ్బ పక్కనున్న బోరు, బావి నీళ్లను పరీక్ష చేయించకుండా వాడకండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాన్ని మరిగించినా పోదు, ఆర్‌వో లేదా వేరే నీటి వనరు చూసుకోవాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేస్తారు. ఆ రిపోర్టు తర్వాత ఫుడ్ ఇన్‌స్పెక్షన్‌లోనూ పనికొస్తుంది.

కడిగిన నీళ్లలో నూనె, ఉప్పు ఉంటాయి. నేరుగా ఇంకుడు గుంతలోకి వదిలితే నూనె పేరుకుని గుంత మూసుకుపోతుంది. ముందు ఒక చిన్న గ్రీజు ట్రాప్ తొట్టి కట్టి, వారానికొకసారి పైన తేలిన నూనె తీసేయండి. కూరగాయల పాదుల్లోకి ఈ నీళ్లు వద్దు, ఉప్పుకు మొక్కలు మాడతాయి.

లోపలి అమరిక

సరుకు ఒక వైపు నుంచి వచ్చి మరో వైపు నుంచి పోవాలి. ఒక చివర కాయలు దించి కడిగే చోటు. తర్వాత తుడిచి ముక్కలు కొట్టే బల్ల, కలిపే చోటు, ఊరే జాడీలు. రెండో చివర సీసాల్లో నింపి లేబుల్ వేసే బల్ల. కడిగే చోటు తడి, కలిపే చోటు పొడి. ఈ రెంటికీ మధ్య కనీసం నాలుగడుగుల అడ్డుగోడ ఉండాలి. ఆవకాయలో ఒక్క నీటి చుక్క పడితే ఏమవుతుందో పెట్టేవాళ్లకు చెప్పక్కర్లేదు. కారం, మిరియాలు పట్టే పల్వరైజర్‌ను ఇంకో గదిలో గానీ మూలన అద్దాల కేబిన్‌లో గానీ పెట్టండి, లేకపోతే అందరూ తుమ్ముతూనే ఉంటారు.

తలుపు కింద సందు పావు అంగుళం దాటకూడదు, చుంచెలుకకు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. కిటికీలకు తీసి కడగగలిగే జాలీలు. లోపలికి వచ్చేముందు చేతులు కడుక్కునే సింకు, చెప్పులు విడిచే చోటు గుమ్మం బయట. ఉప్పు బస్తాలను గోడకు ఆనించకుండా చెక్క పలకల మీద పేర్చండి.

వాస్తు అడుగుతారు కాబట్టి ఒక మాట. తలుపు ఏ దిక్కుకు పెట్టుకున్నా మీ ఇష్టం, వాన కొట్టే వైపు మాత్రం వద్దు.

లైసెన్సులు, డబ్బు

చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అయిపోతుంది. డబ్బు అడిగే వెబ్‌సైట్లు నకిలీవి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐకి దరఖాస్తు ఫోస్కోస్ పోర్టల్‌లో చేయాలి. చిన్న వ్యాపారాలకు రిజిస్ట్రేషన్, పెద్దవాటికి లైసెన్సు. టర్నోవర్ హద్దులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లోనే చూడండి. వచ్చే 14 అంకెల నంబరు ప్రతి సీసా మీదా ఉండాలి. లేబుల్ మీద పదార్థాలు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, చిరునామా, ఫిర్యాదుల ఫోన్ నంబరు, పచ్చ చుక్క గుర్తు రావాలి. లేబుళ్లు వేలల్లో అచ్చు వేయించేముందు ఒకసారి ఫుడ్ సేఫ్టీ ఆఫీసులో నమూనా చూపించి సరిచూసుకోండి.

అప్పు విషయంలో ముద్ర రుణంలో 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్ విభాగాలున్నాయి. చిన్న ఆహార యూనిట్ల కోసం 2020లో కేంద్రం మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చు మీద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. కనీసం 10 శాతం మీరు పెట్టుకోవాలి, మిగతాది బ్యాంకు అప్పు. ఇప్పుడు కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారా అన్నది జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. ఒక జాగ్రత్త ఏమిటంటే, ఆ పథకం యంత్రాల వైపే మొగ్గుతుంది, కట్టడం పనులకు అందులో హద్దుంది. కాబట్టి నేల, గోడల ఖర్చుకు చేతిలో డబ్బుండాలి. సబ్సిడీ వస్తుందని నమ్మి ముందే పని మొదలుపెట్టకండి. అప్పు మంజూరయ్యాక కొన్న యంత్రాల బిల్లులే లెక్కలోకి వస్తాయి.

మొదటి ఏడాది

మార్చిలో గది అప్పజెప్పేముందు నేల కింద పైపులు ఎటు వెళ్తున్నాయో, గోడలో వైర్లు ఎక్కడున్నాయో మూయకముందే ఫోటోలు తీసి పెట్టుకోండి, పక్కన టేపు పెట్టి కొలత కనిపించేలా. మొదటి వానాకాలంలో పాత గోడ బయటి వైపు, గాలి రంధ్రాల దగ్గర, కొత్త పాత గోడలు కలిసే చోట నెలకొకసారి చూడండి. అక్కడ మళ్లీ ఉప్పు తేలితే పొడి బ్రష్షుతో దులిపేయండి. అది పాత గోడ మీద ఇంకా రెండు మూడేళ్లు తేలుతూనే ఉంటుంది. లోపలి టైల్స్ గోడ దాకా రాకపోతే చాలు. మేస్త్రీకి ఆఖరి వాయిదా పదిశాతం ఆ మొదటి పెద్ద వాన చూశాకే ఇస్తానని ఒప్పందంలో మొదటి రోజే రాసుకోండి.